తుపానుకు ముందు 3 రోజులు, తర్వాత 3 రోజులు

సార్వా వరి వెన్ను వంచే వేళకే బంగాళాఖాతంలోనూ కదలిక మొదలవుతుంది. అక్టోబరు, నవంబరు నెలలు మన కోస్తాకు తుపాన్ల కాలం. డిసెంబరు మొదటి వారాలను కూడా నమ్మడానికి లేదు. 2023లో మిగ్‌జాం తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేసరికి ఎక్కువ చోట్ల వరి కోతల మీద ఉంది. 2025లో మొంథా అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటినప్పుడు చేలు ఈనిక, పాలు పోసుకునే దశల్లో ఉన్నాయి. పెట్టుబడంతా మట్టిలో పోసి, పైసా చేతికి రాని రోజులివి. ఎకరం, రెండెకరాల రైతుకు ఈ సమయంలో తగిలే దెబ్బ ఒక్క పంటతో పోదు. అప్పు రూపంలో మరో రెండేళ్లు వెంటాడుతుంది.

గాలిని మనం ఆపలేం. అయితే ఈ రోజుల్లో తుపాను చెప్పకుండా రాదు. తీరాన్ని తాకడానికి కనీసం 3 రోజుల ముందే వాతావరణ శాఖ చెబుతుంది. తుపాను పోయాక నష్టం చెప్పుకోవడానికి బీమా నిబంధన ఇచ్చే గడువు కూడా 3 రోజులే. ముందు 72 గంటలు, తర్వాత 72 గంటలు. ఈ ఆరు రోజుల్లో ఏ పని ముందు, ఏ పని వెనుక అన్నది తెలిసిన రైతు చాలావరకు గట్టెక్కుతాడు. ఆ వరస చెప్పుకోవడమే ఈ వారం పాఠం.

ప్రాణం తీసేది ఎక్కువగా నీరే

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి పెద్దవాళ్లు ఇంకా చెబుతూనే ఉంటారు. ఆ రోజు పదివేల మందికి పైగా చనిపోయారు. గాలికి ఇళ్లు కూలి చనిపోయినవారి కంటే ఉప్పెనలో కొట్టుకుపోయినవారే ఎక్కువ. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన సముద్రపు నీరు మైళ్ల కొద్దీ లోపలికి వచ్చేసింది. గుంజలకు కట్టేసి ఉన్న పశువులు ఎక్కడివక్కడే పోయాయి.

ఉప్పెన ఎందుకు వస్తుందో ఒక్క ముక్కలో చెప్పుకుందాం. తుపాను గాలి మన వైపు అపసవ్య దిశలో, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తూర్పు నుంచి పడమరకు వచ్చే తుపానులో కేంద్రానికి ఉత్తరం వైపున గాలి సముద్రం నుంచి నేల మీదికి తోస్తుంది. ఆ తోపుకు నీరు గుట్టలా లేచి తీరం మీద పడుతుంది. దక్షిణం వైపున గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది కాబట్టి అక్కడ ఉప్పెన తక్కువ. అందుకే ‘తుపాను మచిలీపట్నం దగ్గర దాటుతుంది’ అని రేడియోలో వింటే దానికి ఉత్తరాన ఉన్న తీర గ్రామాలవారు ‘మాకు దూరంలే’ అనుకోకూడదు. వాళ్లే ఎక్కువ జాగ్రత్త పడాలి.

1990 మే 9న దాదాపు అంతే తీవ్రమైన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందే హెచ్చరికలు అందాయి. ఆరు లక్షల మందికి పైగా జనాన్ని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మరణాలు వెయ్యి లోపే ఆగాయి. అదీ తక్కువేం కాదు. కానీ 1977తో పోల్చుకుంటే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. తుపాను మారలేదు, మనుషులు ముందుగా కదిలారు.

మరి కదలమంటే కొందరు ఎందుకు కదలరు? ‘గేదెను వదిలేసి ఎట్లా వచ్చేది?’ ‘కళ్లంలో ధాన్యం ఉంది, అది తడిస్తే తినేదేంటి?’ ఇవీ జవాబులు. ఇవి తప్పు మాటలు కావు. బీద రైతుకు గేదె ఒక బ్యాంకు, ధాన్యం ఒక ఏడాది కూడు. అందుకే పశువును, పంటను ముందు రెండు రోజుల్లోనే ఒక దరికి చేర్చేస్తే మూడో రోజు ఇల్లు విడిచి వెళ్లడానికి మనసు ఒప్పుతుంది. పంట జాగ్రత్త, ప్రాణ జాగ్రత్త రెండూ వేరు కాదు.

హెచ్చరిక భాష తెలుసుకోండి

రేడియో, టీవీ వార్తల్లో వచ్చే మాటలకు లెక్కలున్నాయి. గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లుంటే వాయుగుండం. 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 దాటితేనే తుపాను, దానికి పేరు పెట్టేది అప్పుడే. 89 నుంచి 117 వరకు తీవ్ర తుపాను. 118, ఆపైన అతి తీవ్ర తుపాను. అయితే పేరు పెట్టలేదు కదా అని వాయుగుండాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గాలి తక్కువైనా నెమ్మదిగా కదిలే వాయుగుండం కుండపోత కురిపించి తుపాను కంటే ఎక్కువ చేలు ముంచుతుంది.

వాన మాటలకూ లెక్క ఉంది. 24 గంటల్లో సుమారు 6.5 నుంచి 11.5 సెంటీమీటర్లు పడితే భారీ వర్షం, అక్కడి నుంచి 20 వరకు అతి భారీ, అది దాటితే అత్యంత భారీ. 10 సెంటీమీటర్ల వాన అంటే ఎకరం చేలో 4 లక్షల లీటర్ల నీరు. అంత నీరు మీ తూము గుండా పోవాలంటే ఎంతసేపు పడుతుందో ఆలోచించండి. మురుగు బోదె పని ముందే చేసుకోవాలనేది అందుకే.

తుపాను హెచ్చరిక నాలుగు మెట్లలో వస్తుంది. 72 గంటల ముందు నిఘా సమాచారం. 48 గంటల ముందు అప్రమత్తత, దీని రంగు పసుపు. 24 గంటల ముందు హెచ్చరిక, రంగు నారింజ. తీరం దాటడానికి 12 గంటల ముందు నుంచి ఎరుపు. దాటాక ఏ ఊళ్ల మీదుగా వెళుతుందో కూడా అప్పుడే చెబుతారు. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. అవి ఓడల కోసం పెట్టినవి. కానీ 8, 9, 10 నంబర్లు వినిపిస్తే పెనుముప్పు దగ్గరకొచ్చిందని రైతు కూడా గ్రహించాలి.

ఇంకో మాట. ఫోన్లలో తిరిగే ప్రతి మాటా నమ్మొద్దు. వాతావరణ శాఖ, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ, ఆకాశవాణి, ఊళ్లో దండోరా, సచివాలయ సిబ్బంది... వీటి ద్వారా వచ్చిందే లెక్క. కరెంటు పోతే టీవీ ఉండదు, టవరు పడితే ఫోనూ ఉండదు. బ్యాటరీతో పనిచేసే చిన్న రేడియో ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

సీజను మొదట్లోనే చేయాల్సినవి

ఇల్లు కాలాక బావి తవ్వినట్టు కాకుండా కొన్ని పనులు తుపాను మాట వినపడకముందే ముగించాలి.

* మురుగు కాలువల్లో గుర్రపుడెక్క, తూడు పెరిగితే నీరు ముందుకు పోదు. పెద్ద డ్రెయిన్ల పని ప్రభుత్వానిది. కానీ చేను నుంచి డ్రెయిన్ దాకా ఉండే బోదెలు ఆయకట్టు రైతులవి. సెప్టెంబరులో పది మంది రైతులు ఒక పూట పని చేస్తే నవంబరులో పాతిక ఎకరాలు బతుకుతాయి. పై రైతు తీసి కింది రైతు తీయకపోతే ఫలితం సున్నా.

* ఏటా మునిగే పల్లపు చేలకు రకం ఎంపికలోనే జాగ్రత్త పడాలి. మార్టేరు పరిశోధన స్థానం ఇచ్చిన ఇంద్ర (ఎంటీయూ 1061), అమర (ఎంటీయూ 1064) ముంపును కొంతవరకు తట్టుకుంటాయి. స్వర్ణ సబ్-1 పైరు దశలో సుమారు రెండు వారాలు మునిగినా తిరిగి కోలుకుంటుంది. పడిపోని గుణం, గింజకు నిద్రావస్థ ఉన్న రకమా కాదా అని విత్తనం కొనే ముందే అడగండి. నిద్రావస్థ లేని గింజ వెన్ను మీదే మొలకెత్తుతుంది.

* నాట్లు తొందరగా పడితే కోతలు తుపాన్ల కంటే ముందు అయిపోతాయి. 2022లో గోదావరి డెల్టాకు జూన్ 1నే కాలువలకు నీరు వదిలింది ఈ ఉద్దేశంతోనే. నీరు వచ్చినా నారు సిద్ధంగా లేకపోతే ఆ పది రోజులూ వృథా.

* బరకాలు, ఉప్పు, తాళ్లు, వెదురు బొంగులు తుపాను మాట వినగానే సంతలో దొరకవు, దొరికినా ధర మండుతుంది. నలుగురు రైతులు కలిసి ముందే తెచ్చి ఒకచోట పెట్టుకుంటే భారం పంచుకున్నట్టవుతుంది.

* పశువులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించాలి. వరద తర్వాత విరుచుకుపడే రోగాలివే.

* ఈ-పంటలో పేరు, సర్వే నంబరు, పంట సరిగ్గా ఎక్కాయో లేదో చూసుకోవాలి. దీని గురించి చివర్లో మళ్లీ చెప్పుకుందాం.

మొదటి రోజు: నీటి దారి, కోత నిర్ణయం

72 గంటల ముందు కబురు వచ్చిన రోజు ముందుగా పార పట్టుకుని చేలోకి వెళ్లాలి. ఉన్న నీటిని తీసేయండి. గట్టుకు పల్లం వైపు గండ్లు కొట్టి పెట్టండి. యూరియా చల్లడం, మందు కొట్టడం ఆపేయండి. వానకు ముందు వేసిన ఎరువు కాలువకే పోతుంది, డబ్బు నీళ్లపాలు.

తర్వాత తేల్చుకోవాల్సింది కోత సంగతి. గాబరా పడి కోసేయడం చాలామంది చేసే పొరపాటు. కోసి పనల మీద ఉన్న వరి నీళ్లలో మునిగితే రెండు మూడు రోజుల్లో మొలక వస్తుంది. నిలబడి ఉన్న చేను గాలికి ఒరిగినా నీరు తీసేస్తే ఎంతో కొంత దక్కుతుంది. కాబట్టి కొడవలి కోతయితే కోయకుండా వాయిదా వేసుకోవడమే మంచిది. గింజ బాగా ముదిరి, కోత యంత్రం అందుబాటులో ఉండి, ధాన్యం పోయడానికి ఎత్తైన చోటు, కప్పడానికి బరకాలు ఉంటేనే యంత్రంతో కోయించండి. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా ఆగిపోండి. యంత్రం కోసిన ధాన్యంలో తేమ ఎక్కువ. కొనుగోలు కేంద్రంలో అడిగే తేమ 17 శాతం. ఆరబెట్టే దారి లేకుండా పచ్చి ధాన్యం కుప్ప పోస్తే లోపల వేడెక్కి రంగు మారుతుంది.

రెండో రోజు: పనలు, ధాన్యం, తోటలు

పనల మీద ఉన్న చేను ఎండితే వెంటనే కట్టలు కట్టి ఎత్తైన చోట కుప్ప వేయండి. పూర్తిగా ఎండకపోయినా వేయక తప్పదనుకుంటే వరస వరసకూ పనల మీద ఉప్పు చల్లుతూ వేయాలి. ఎకరానికి 25 కిలోల ఉప్పు సరిపోతుంది. ఉప్పు తేమను పీల్చి గింజ మొలకెత్తకుండా ఆపుతుంది, కుప్ప వేడెక్కడం తగ్గుతుంది. కుప్ప అడుగున కర్రలు, ఎండుగడ్డి పరిచి నేల తడి తగలకుండా చూడాలి. పైన బరకం కప్పి తాళ్లతో నాలుగు వైపులా బిగించాలి. కుప్ప చుట్టూ చిన్న బోదె తీయడం మరవొద్దు.

నూర్చిన ధాన్యం తడిసి ఉండి, ఆరబెట్టే వీలు లేకపోతే క్వింటాకు ఒక కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక లేదా ఎండుగడ్డి కలిపి పోగు పెట్టండి. నాలుగు రోజులు చెడకుండా ఉంటుంది. ఎండ కాయగానే ఆరబోసి తూర్పారబడితే ఊక పోతుంది. బస్తాలు కట్టినవి నేల మీద పెట్టకుండా బల్లల మీద, ఇటుకల మీద ఎత్తుగా పేర్చాలి. దాళ్వా విత్తనానికి ఉంచుకున్నది పాలిథిన్ సంచిలో వేసి అటక మీదికి చేర్చండి.

అరటికి వెదురు బొంగులతో రెండు వైపులా పోటు పెట్టాలి. ముదిరిన గెలలను ముందే దింపేయాలి. కింది ఆకులు కొన్ని కోసేస్తే గాలి పట్టు తగ్గుతుంది. కొబ్బరిలో ముదురు కాయలు, ఎండిన మట్టలు దించితే తల బరువు తగ్గుతుంది. ఎగిరిన కొబ్బరికాయ మనిషి తలకు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పాలా? 1996 నవంబరు 6 తుపానులో కోనసీమ కొబ్బరి, 2018 అక్టోబరు 11 తిత్లీలో ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి నేలమట్టమయ్యాయి. అంత గాలికి పోట్లు ఆగవు, నిజమే. కానీ గాలి పూర్తి బలంతో తగిలే మేర కొంతే. దాని చుట్టుపక్కల మధ్యరకం గాలికి ఈ జాగ్రత్తలే తోటను నిలబెడతాయి. బొప్పాయి, కూరగాయల పందిళ్లు, తమలపాకు తోటలకూ ఇదే సూత్రం. పక్వానికి వచ్చింది కోసేయాలి, మిగతాదానికి దన్ను ఇవ్వాలి.

గడ్డివామి మీద పాత వల గానీ తాళ్లు గానీ వేసి రాళ్లు కట్టాలి. మూడు నాలుగు రోజులకు సరిపడా ఎండుగడ్డి, తవుడు విడిగా, తడవని చోట పెట్టుకోండి. మోటారు స్టార్టరు, ఫ్యూజులు తీసేయాలి. ఇంజను, స్ప్రేయరు, తైవాన్ పంపు ఇంటికి తెచ్చేసుకోండి.

మూడో రోజు: పశువు, కాగితం, మనిషి

24 గంటల హెచ్చరిక వచ్చిందంటే చేనుతో పని అయిపోయినట్టే. ఆ తర్వాత పొలం వైపు వెళ్లొద్దు.

పశువులను ఎత్తైన చోటికి తోలాలి. చూడి పశువులు, దూడలు ముందు. రేకుల కొట్టం, పాత గోడల పక్కన, పెద్ద చెట్ల కింద ఉంచొద్దు. తుపాను రక్షణ కేంద్రాల్లో పశువులకు చోటు ఉండకపోవచ్చు. కాబట్టి మీ ఊరి పశువులకు ఏ మెరక, ఏ రోడ్డు గట్టు అన్నది ఊరంతా ముందే అనుకోవాలి. తోలే వీలే లేకపోతే ఒక్కటి మాత్రం తప్పకుండా చేయండి. పలుపులు విప్పేయండి. విప్పిన గేదె ఈది ఎక్కడో ఒడ్డున పడుతుంది. కట్టేసిన గేదె మునిగిపోతుంది. పోతుందేమోనన్న భయంతో కట్టేస్తే పోవడం ఖాయం. చెవి పోగు నంబరు రాసిపెట్టుకుంటే తర్వాత వెతుక్కోవడం తేలిక.

కాగితాల సంచి ఒకటి సిద్ధం చేయండి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, బీమా రసీదు, కౌలు కార్డు, పశువుల బీమా కాగితం ఒక పాలిథిన్ కవరులో పెట్టి మూతి బిగించి కట్టాలి. వాడుకునే మందులు, కొంత చిల్లర, టార్చిలైటు, అగ్గిపెట్టె, అటుకులు, బెల్లం, తాగే నీళ్లు అదే సంచి పక్కన ఉండాలి. ఫోను పూర్తిగా ఛార్జింగ్ పెట్టుకోండి.

ఇక మనుషులు. పూరిల్లు, మట్టి గోడల ఇల్లు, తీరానికీ ఏటి గట్టుకూ దగ్గరి ఇల్లు అయితే కదలమని చెప్పేదాకా ఆగకండి. ముసలివాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు, నడవలేనివాళ్లు ముందు వెళ్లాలి. పగలే వెళ్లాలి. రాత్రి గాలి లేచాక దారిలో చెట్లు, తీగలు పడతాయి. పట్టుబట్టి ఇంట్లో ఉండే పెద్దాయనకు ‘ఏం కాదులే’ అనే అలవాటు ఉంటుంది. ‘తాతా, గేదె గట్టు మీదుంది, ధాన్యం అటక మీదుంది, ఇక ఇక్కడ నీకు కాపలా ఏముంది?’ అని చెప్పి తీసుకెళ్లాలి. మొదటి రెండు రోజుల పని జరిగి ఉంటేనే ఈ మాట చెప్పగలం.

గాలి ఆగిందని బయటకు రావొద్దు

భోరున వీచే గాలి ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఆకాశం కాస్త తేటపడొచ్చు. ‘అయిపోయింది’ అనుకుని గొడ్లను చూసుకోవడానికి బయటకు వెళితే ప్రమాదం. అది తుపాను కన్ను. కన్ను దాటిపోగానే గాలి అంతే జోరుగా, ఈసారి ఎదుటి దిక్కు నుంచి కొడుతుంది. మొదటి గాలికి వదులైన చెట్లు, రేకులు రెండో గాలికి లేచిపోతాయి. అధికారులు చెప్పేవరకు లోపలే ఉండాలి.

తర్వాత 3 రోజులు: తొందరపడాల్సినవి, పడకూడనివి

తెల్లారగానే చేను చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది. అయినా దారిలో పడిన కరెంటు తీగ దగ్గరకు పోవద్దు. నీళ్లలో పడి ఉంటే మరీ ప్రమాదం. కరెంటు లేదు కదా అనుకోవద్దు, ఏ క్షణానైనా ఇస్తారు. మునిగిన మోటారును ఎండబెట్టి, మెకానిక్కుకు చూపించకుండా స్విచ్ వేయకండి. పాములు మెరక వెతుక్కుంటూ గడ్డివాముల్లోకి, ఇళ్లలోకి చేరతాయి. చేతికర్ర లేకుండా గడ్డి లాగొద్దు. పాము కరిస్తే కోయడం, తాడు బిగించడం, పసరు పోయడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా 108కి చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తాగే నీరు మరిగించాలి, మునిగిన బావిని ఆరోగ్య సిబ్బంది చేత బ్లీచింగు చేయించాకే వాడాలి.

చేలో మొదటి పని నీరు తీయడం. మిగతా మందులన్నీ దాని తర్వాతే. పైరు దశను బట్టి ఏం చేయాలంటే:

* నారుమడి: నీరు తీశాక 5 సెంట్లకు కిలో యూరియా, కిలో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేయాలి.

* పిలక దశ: నీరు తీసి, ఎకరానికి 20 కిలోల యూరియా, 20 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ పైపాటుగా వేస్తే పైరు తేరుకుంటుంది.

* పడిపోయిన గింజ చేను: నీరు తీసి, నాలుగైదు దుబ్బులు కలిపి లేపి కట్టాలి. కూలి ఖర్చు ఉంటుంది, కానీ వెన్నులు నీళ్లలో ఉంటే గింజ దక్కదు. మొలక రాకుండా లీటరు నీటికి 50 గ్రాముల కల్లు ఉప్పు కలిపి వెన్నుల మీద పడేలా పిచికారీ చేయాలి. ఎకరానికి 200 లీటర్ల నీటికి 10 కిలోల ఉప్పు అవుతుంది. తడిసిన పనలకూ ఇదే ద్రావణం కొట్టి, పనలను తిరగేయాలి.

* పత్తి: సాళ్ల మధ్య నిలిచిన నీరు తీసి, లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ పిచికారీ చేయాలి. వడలిపోతున్న మొక్కల మొదళ్లలో లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ ద్రావణం పోయాలి.

* అరటి: విరిగిన చెట్లను నరికి, బలమైన పిలక ఒకదాన్ని ఉంచుకుంటే మరుపంట వస్తుంది. ఒరిగిన లేత కొబ్బరి మొక్కలను లేపి మట్టి ఎగదోయాలి. మొవ్వు కుళ్లు రాకుండా ఒక శాతం బోర్డో మిశ్రమం మొవ్వులో పోయాలి.

ఉప్పునీరు ఎక్కిన చేలకు వేరే వైద్యం. ఎరువులు వేయొద్దు. మంచినీరు అందగానే చేలో నిండా పెట్టి, కొన్ని రోజులు నిలవనిచ్చి, మురుగుకు వదిలేయాలి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే ఉప్పు దిగిపోతుంది. తర్వాత మట్టి పరీక్ష చేయించి, చౌడు గుణం ఉందని తేలితేనే జిప్సం వేయాలి. ఎవరో వేశారని మనమూ వేయడం దండగ. తర్వాతి పంటకు ముందు జీలుగ వేసి కలియదున్నితే నేల కోలుకుంటుంది.

పశువులకు బూజుపట్టిన గడ్డి, నీటిలో మగ్గిన మేత పెట్టొద్దు. నీరసించిన పశువుకు ఒక్కసారిగా దాణా పెట్టినా కడుపు ఉబ్బుతుంది. చచ్చిన పశువును కాలువలో పారేయకుండా లోతు గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. పూడ్చే ముందు పశువైద్యుడికి చూపించి, ఫొటో తీయించండి. పరిహారానికి అదే ఆధారం.

72 గంటల గడువు దాటనీయకండి

‘అధికారి చూసేదాకా చేను అలాగే ఉంచాలా?’ అని చాలామందికి అనుమానం. ఉంచొద్దు. అలా చూస్తూ కూర్చుంటే ఉన్నదీ పోతుంది. గట్టు, బోరు, సర్వే రాయి వంటి గుర్తులు కనిపించేలా, రైతు కూడా అందులో ఉండేలా నాలుగైదు ఫొటోలు తీసి, వెంటనే నీరు తీసే పనిలో పడండి.

బీమాలో నష్టాలన్నీ ఒక రకం కాదు. ఊరంతటికీ దిగుబడి పడిపోతే పంట కోత ప్రయోగాల లెక్కతో పరిహారం వస్తుంది, దానికి రైతు విడిగా అర్జీ పెట్టక్కర్లేదు. కోసి పొలంలో ఆరేసిన పంట తుపాను వానకు పాడైతే మాత్రం రైతే చెప్పుకోవాలి. ఫసల్ బీమా నిబంధన ప్రకారం కోసిన 14 రోజుల లోపు జరిగిన నష్టానికే ఇది వర్తిస్తుంది. 72 గంటల్లో తెలియజేయాలి. 14447 నంబరుకు గానీ, బీమా కంపెనీకి, బ్యాంకుకు, వ్యవసాయ సిబ్బందికి గానీ చెప్పొచ్చు. చెప్పినందుకు ఇచ్చే నంబరు రాసుకోండి. మీ పంటకు, మీ జిల్లాలో ఏ ముప్పులు వర్తిస్తాయో ప్రీమియం కట్టే రోజే అడిగి తెలుసుకోవాలి.

ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీ వేరు. పంట 33 శాతం, ఆపైన పోతేనే అది వస్తుంది. 2015కు ముందు 50 శాతం పోవాల్సి ఉండేది. దీనికి ఆధారం ఈ-పంట నమోదు. ఇక్కడే కౌలు రైతు నష్టపోతున్నాడు. సాగు చేసింది ఒకరు, నమోదులో పేరు ఇంకొకరిది అయితే డబ్బు పేరున్న ఖాతాలోకి పోతుంది. సాగుదారు హక్కు పత్రం తీసుకుని, ఈ-పంటలో తన పేరు ఎక్కించుకోవడమే కౌలు రైతుకు అసలైన తుపాను రక్షణ. అది జులై, ఆగస్టుల్లో జరగాల్సిన పని. నష్టం అంచనా వేశాక జాబితా సచివాలయంలో, రైతు సేవా కేంద్రంలో పెడతారు. వెళ్లి చూసుకోండి. పేరు లేకపోతే గడువులోపే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

గోడ మీద రాసి పెట్టుకోండి

* అత్యవసర సాయం: 112
* అంబులెన్సు: 108
* జిల్లా కంట్రోల్ రూము: 1077
* రాష్ట్ర కంట్రోల్ రూము: 1070
* పశువైద్య వాహనం: 1962
* పంటల బీమా: 14447

మొదటి రోజు నీటి దారి. రెండో రోజు పంట. మూడో రోజు పశువు, కాగితం, మనిషి. తుపాను పోయాక ముందు తీగలూ పాములూ, తర్వాత ఫొటో, ఆ తర్వాత నీరు తీయడం, 72 గంటల్లో ఫిర్యాదు. ఈ వరసను ఒక కాగితం మీద రాసి పశువుల పాకలోనో, అటక గుంజకో అంటించండి. మీ బజారులో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, మంచాన పడ్డవాళ్లు ఎవరెవరున్నారో, ఎవరిని ఎవరు తీసుకెళ్లాలో కూడా దాని కిందే రాయండి. అక్టోబరు రాకముందే ఆ కాగితం ఇంట్లో ఉండాలి.